దొనకొండ సారు కోపం

మా బడి ఉన్న గిద్దలూరు నుంచి సంతాప సభ కరపత్రం పోస్టులో వచ్చింది. పైన మా సారు ఫోటో, దాని కింద లావు అక్షరాల్లో 'శాంతమూర్తి, అజాతశత్రువు' అని అచ్చు వేశారు. చదివి పక్కన పెట్టాను. కాసేపటికి మళ్ళీ తీసి చదివాను. ఒళ్ళు మండింది.

శాంతమూర్తి ఎవరు? నాకు సైన్సు చెప్పినాయన మా బడిలో ఉన్నన్నాళ్ళూ ఒక్క రోజైనా శాంతంగా లేరు. అజాతశత్రువు అన్నది ఇంకా పెద్ద అబద్ధం. ఆయనకు శత్రువులుండేవారు. మా హెడ్మాస్టరు ఒకడు. ఇక్కడ 'గారు' అని రాయబోయి మానేశాను. బడి కమిటీలో ఉన్న మా నాయన ఇంకొకరు. కొంతకాలం పాటు నేను కూడా.

సభకు పోలేదు. పోతే మైకు ముందు నిలబడి చెప్పాల్సిన మాటలు చాలా ఉండేవి. వాటినే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన్ని బడిలో పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. దొనకొండ వైపు పల్లె నుంచి వచ్చారు కాబట్టి అందరికీ దొనకొండ సారు. వాళ్ళింట్లో గొర్రెలు కాసేవారు. ఆ సంగతి ఆయన దాచలేదు, తోటి మాస్టర్లు మరిచిపోనివ్వలేదు. సోమవారం పొద్దున ప్రార్థన అయిపోగానే డ్రిల్లు మాస్టరు మా ముందే అడిగేవాడు.

"ఏం సారూ, గొర్లు బాగుండాయా?"

"బాగుండాయి. అవి మీ మాదిరి అనవసరంగా అరవవు," అనేవారు సారు.

అది వేళాకోళంగా అనేవారు కారు. ఆయన మొహంలో నవ్వు ఉండేది కాదు.

కోపం వస్తే అందరూ గొంతు పెంచుతారు. ఆయనకు కోపం వచ్చేకొద్దీ గొంతు తగ్గేది. బాగా కోపమొస్తే మొదటి బెంచీలో ఉన్న మాకే వినపడేది కాదు, ముందుకు వంగి వినేవాళ్ళం. అప్పుడు కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచేవారు. అద్దాలు లేకపోతే ఆయనకు మా మొహాలు ఆనవు. అందుకే తీసేవారని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. మొహాలు కనిపిస్తే చెయ్యి లేస్తుందని భయం. బెత్తం పట్టని మాస్టరు మా బడిలో ఆయన ఒక్కరే.

బడి వెనక రైలు పట్టాలుండేవి. గూడ్సుబండి పోతుంటే ఏమీ వినపడేది కాదు. మిగతా మాస్టర్లు అరిచి చెప్పేవారు. ఈయన మాట మధ్యలో ఆగిపోయేవారు. ఆఖరి పెట్టె పోయేదాకా చాక్‌పీసు పట్టుకుని అట్లాగే నిలబడి, పోగానే ఆగిన అక్షరం నుంచే అందుకునేవారు. "కేంద్ర" అని ఆగితే "కం" అని మొదలుపెట్టేవారు. మేము నవ్వుకునేవాళ్ళం. వెనక బెంచీల వాళ్ళకు ఒక్క అక్షరం కూడా పోకూడదని ఆయన పట్టుదల అని మాకేం తెలుసు?

వెనక బెంచీలంటే చెప్పాలి. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదొక్కటే హైస్కూలు. ఒక్క గదిలో గోడ నుంచి గోడ దాకా పిల్లలం. ముందు మేము నలుగురం ఆడపిల్లలం, ఊళ్ళో భూములున్న ఇళ్ళ వాళ్ళం. మా వెనక దుకాణాల వాళ్ళ పిల్లలు, గుమాస్తాల పిల్లలు. అందరికంటే వెనక, కొండ కింది పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒక్కతే ఆడపిల్ల, గురవమ్మ. వాళ్ళది గొర్రెల కాపరుల ఇల్లు. అన్న చదువు మానేస్తే ఆ పుస్తకాలు తీసుకుని తను వచ్చింది. ఆమెను మా బెంచీలో కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

మధ్యాహ్నం బెల్లు కాగానే మాస్టర్లందరూ ఆఫీసు గదిలో కూర్చుని తినేవారు. సారు మాత్రం క్లాసులోనే ఉండిపోయేవారు. వెనక బెంచీ మీద గుడ్డ మూట విప్పి జొన్నసంగటి, చెనిక్కాయల పచ్చడి పెట్టుకుని ఆ పిల్లలతో కలిసి తినేవారు. మాకు వరన్నం. సంగటి తెచ్చినవాళ్ళు మూట చాటుగా విప్పుకునేవారు. ఆయన వచ్చాక చాటు మానేశారు.

పాఠ్యపుస్తకం మీద కూడా ఆయనకు కోపమే. తప్పు కనిపిస్తే ఆ వాక్యం కొట్టేసి అంచున 'అబద్ధం' అని రాసేవారు, మా చేత కూడా రాయించేవారు. ఒకసారి నా పుస్తకం చూసి మా నాయన అడిగాడు.

"ఏంది ఇది? గవర్నమెంటు అచ్చేసిన పుస్తకాన్ని అబద్ధమనేదానికి ఈయనెవరు?"

నేను సారుకు ఆ మాట చెప్పాను. "మీ నాయనకు చెప్పు, గవర్నమెంటుకు గూడా నేర్పించాల్సినవి ఉంటాయని," అన్నారు. నేనది ఇంట్లో చెప్పలేదు.

అప్పటికి రాష్ట్రం కొత్త. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోయి ఎన్నాళ్ళో కాలేదు. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. కొత్త ప్రభుత్వం బళ్ళకు సైన్సు సామాను ఇస్తోందని చెప్పుకునేవారు. అట్లా మా బడికి కొయ్యపెట్టెలో ఒక మైక్రోస్కోపు వచ్చింది. వచ్చిన రోజు సారు నడకే మారిపోయింది. మర్నాటికి అది హెడ్మాస్టరు బీరువాలోకి పోయి, తాళం పడింది. పిల్లలు పాడు చేస్తారట. ఆయుధపూజకు మాత్రం బయటికి తీసి, దండ వేసి, కన్ను పెట్టి చూసే అద్దానికే కుంకం బొట్టు పెట్టారు. సారు అందరి ముందూ ఆ బొట్టు చొక్కా కొసతో తుడిచేశారు.

"దీన్ని మొక్కేదానికి పంపించలేదు. చూసేదానికి పంపించినారు," అన్నారు. నాకు దగ్గర్లో నిలబడి ఉన్నా సగమే వినపడింది. అంత కోపం.

ఆ పరిస్థితిలో కణం పాఠం వచ్చింది.

"కణం అంటే ఏంది?" అన్నారు సారు.

పుస్తకంలోది అందరం ఒక్క గొంతుతో అప్పజెప్పాం.

"ఎవరన్నా చూసినారా?"

లేదన్నాం.

"చూడనిదాన్ని గురించి ఇంత గట్టిగ ఎట్ల అరుస్తుండారు?"

తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. "గోడకు ఇటుకలు ఎట్లనో ఒంటికి కణాలు అట్ల. కాకపోతే ఈ ఇటుక తింటాది. గాలి పీలుస్తాది. చెత్త బయటికి పారేస్తాది. లోపల బంక మాదిరి జీవపదార్థం ఉంటాది, దాంట్లో కేంద్రకం. ఏం చెయ్యాలనేది చెప్పే పెద్ద అది. ఈ ఇటుకకు నోరు లేదు, ముక్కు లేదు. చుట్టూ ఒక పల్చని పొర ఉంటాది, అంతే. వచ్చేదంతా ఆ పొరలో నుంచే రావాల. పోయేదంతా దాంట్లో నుంచే పోవాల. కంటికి ఆనదు, అంత చిన్నది."

గది చివర నుంచి గురవమ్మ లేచింది. ఆమె క్లాసులో నోరు తెరవడం అదే మొదలు.

"సార్, అంత చిన్నగ ఎందుకుండాల? పెద్దది ఒకటే ఉంటే సరిపోదా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. సారు కళ్ళద్దాలు తీశారు.

"నవ్వినోళ్ళు లేసి నిలబడండి."

దాదాపు అందరం లేచాం.

"ఈ పుస్తకం రాసినాయనకు గూడా తోచని ప్రశ్న ఆ పాప అడిగింది. మీకు నవ్వొచ్చింది. గంట కొట్టిందాక నిలబడండి." గురవమ్మ వైపు తిరిగి, "రేపు చెప్తా తల్లీ. ఊరికే చెప్పను, చూపిస్తా," అన్నారు.

మర్నాడు మొదటి పీరియడుకు మూటతో వచ్చారు. మూటలో గట్టిగా వండిన జొన్నసంగటి, పసుపు కలిపి ఉంది. చాకుతో దాన్ని మూడు చదరపు ముక్కలుగా కోశారు. ఒకటి పాచికంత, ఒకటి నిమ్మకాయంత, ఒకటి రెండు పిడికిళ్ళంత. తమలపాకుల దుకాణం నుంచి తెచ్చిన సున్నం నీళ్ళలో కలిపి, ఆ ముక్కలు మూడూ అందులో వేసి మూత పెట్టారు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని మాకందరికీ తెలుసు. పారాణి చూడనివాళ్ళెవరు?

"సున్నం తగిలి ఎర్రగయిందంటే ఆడికి తిండి చేరిందని లెక్క. మధ్యాహ్నం చూద్దాం," అన్నారు.

మధ్యాహ్నం బెల్లు తర్వాత మూడు ముక్కలూ తీసి నడిమికి కోశారు. మమ్మల్ని కాదు, వెనక బెంచీల వాళ్ళను ముందుకు పిలిచి చూపించారు. మేము వాళ్ళ భుజాల మీదుగా చూశాం. పాచికంత ముక్క లోపలి దాకా ఎర్రగా ఉంది. నిమ్మకాయంత దాని నడుమ గచ్చకాయంత పసుపు మిగిలింది. పెద్దముక్కలో ఎరుపు పైతొక్క మందాన్నే ఆగింది. లోపలంతా పొద్దున వండిన పసుపు రంగే.

"గురవమ్మా, దీని లోపల ఉండేవాడికి తిండి అందిందా?"

"లేదు సార్. పస్తుండాడు."

"ఎందుకు? మూడింటికీ సున్నం ఒకటే. టైము ఒకటే."

ఆమె పెద్దముక్కను కాసేపు చూసి, "దూరం గదా సార్," అంది.

అదీ జవాబు. తర్వాత ఆయన బోర్డు మీద లెక్క వేసి చూపించారు. ముక్క పొడుగు, వెడల్పు, ఎత్తు రెండింతలు చేస్తే పైతోలు నాలుగింతలవుతుంది, లోపలి సరుకు ఎనిమిదింతలవుతుంది. "నోళ్ళేమో నాలుగింతలు, ఆకలేమో ఎనిమిదింతలు. అట్ల పెరుగుతా పోతే నడిమిది చస్తాది. అందుకని కణం ఒక హద్దు దాక పెరుగుతాది, ఆడ ఆగి రెండుగ చీలుతాది. చీలితే తోలు మళ్ళ చాలుతాది. ఏనుగు కణమైనా ఎలుక కణమైనా ఇంచుమించు ఒకే కొలత. ఏనుగుకు ఎక్కువ ఉంటాయి, అంతే."

ఒక గుమాస్తా గారబ్బాయి చెయ్యెత్తాడు. "సార్, గుడ్డులో పచ్చసొన ఒకటే కణమని మీరే చెప్పినారు. అది అంత పెద్దగ ఎట్లుండాది?"

సారు నవ్వారు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. "దొరికినానురా నీకు. అది అంతా బతికిన సరుకు కాదు నాయనా, లోపల దాచిపెట్టుకున్న సద్దిమూట. పని చేసే భాగం పైన చిన్న చుక్క, అంతే. ఇట్లనే పట్టుకోవాల నన్ను."

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కోసిన పెద్దముక్కను చేత్తో పట్టుకుని క్లాసు వైపు చూశారు. గొంతు తగ్గిపోయింది.

"ఈ గది గూడా అంతే. నేను ఈడ నిలబడి చెప్పేది మూడో బెంచీ దాక వస్తాది. దాని ఎనకాల అంతా పస్తే. ఇంకో సెక్షన్ ఇయ్యండని మూడు తూర్లు అడిగినా."

ఆ మూడుసార్లలో ఒకసారి హెడ్మాస్టరు ఇచ్చిన జవాబు వరండాలో మాక్కూడా వినపడింది. "గొర్రెలు కాసుకునేవాళ్ళ కోసం ఇంకో సెక్షనా?"

ఆ రోజు మధ్యాహ్నం సారు ఏమీ తినలేదు. సున్నంలో వేసింది ఆయన సద్దే. ఆ ఏడు వానల్లేవు, జొన్నలు దొరకడమే కష్టంగా ఉండేది. గురవమ్మ తన మూటలోది సగం తీసి ఆయన ముందు పెడితే, "నాకు ఆకలి లేదు తల్లీ," అన్నారు. అబద్ధమంటే గిట్టని మనిషి ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే.

తర్వాత నెలలోనే కర్నూలు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. ముందు రోజు చివరి పీరియడులో సారు వేరే క్లాసులో ఉండగా హెడ్మాస్టరు మా గదికి వచ్చాడు. వెనక నాలుగు బెంచీల వాళ్ళను నిలబెట్టి, "మీరు రేపు రావద్దు. బట్టలు చూసుకోండి ఎట్లా ఉన్నాయో. ఎల్లుండి రండి," అన్నాడు. వాళ్ళకది కొత్త కాదు. కలెక్టరు వచ్చినప్పుడు, జెండా పండగకు, ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఇదే. వాళ్ళు తల ఊపి కూర్చున్నారు. తర్వాత మాలో ఆరుగురిని ఎంచి, మైక్రోస్కోపులో ఏం కనబడుతుందో ముందుగానే బట్టీ పట్టించాడు. ఇంకా చూడనే లేదు, నాకు నోటికి వచ్చేసింది.

మర్నాడు సారు గదిలోకి రాగానే ఖాళీ బెంచీలు చూశారు.

"యాడ పోయినారు వీళ్ళంతా?"

పుస్తకాల్లోకి తల దించుకున్నాం. ఆయనకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. అంతలో ఇన్‌స్పెక్టరు, హెడ్మాస్టరు వచ్చారు. వెనకనే కమిటీ తరఫున మా నాయన, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. బల్ల మీద మైక్రోస్కోపు మెరుస్తోంది. పాఠం మొదలుపెట్టమన్నారు. సారు మొదలుపెట్టలేదు.

"సార్, ఈ క్లాసులో సగం మంది ఈరోజు లేరు. రావద్దని చెప్పి ఆపినారు. వాళ్ళు లేనిది నేను పాఠం చెప్పను," అన్నారు.

హెడ్మాస్టరు నవ్వాడు. "పల్లెటూరి పిల్లలండీ. గొర్రెలకు జబ్బులంటే బడి మానేస్తారు."

ఇన్‌స్పెక్టరు ఇద్దరినీ చూసి, మొదటి బెంచీలో ఉన్న నా వైపు తిరిగాడు. నేను క్లాసు లీడరును.

"నువ్వు చెప్పమ్మా. వాళ్ళను ఎవరైనా రావద్దన్నారా?"

గదిలో అందరూ నన్ను చూశారు. మా నాయన కూడా చూశాడు. ఏమీ అనలేదు, కళ్ళెర్ర చేయలేదు. ఊరికే చూశాడు. చెప్పమన్నట్టు సారు తల ఊపారు.

"నాకు తెలీదు సార్," అన్నాను.

సారు కళ్ళద్దాలు తీయలేదు. తీసి ఉంటే బాగుండునని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను. ఆయన నన్ను పూర్తిగా, స్పష్టంగా చూశారు. తర్వాత చాక్‌పీసు బల్ల మీద పెట్టి గదిలోంచి వెళ్ళిపోయారు. మేము ఆరుగురం వరసగా మైక్రోస్కోపులో చూసి బట్టీ పట్టింది అప్పజెప్పాం. నాకు మసక తప్ప ఏమీ కనబడలేదు. కనిపిస్తోందనే చెప్పాను.

మర్నాడు పొద్దున ప్రార్థన అయిపోగానే ఆయన ఆఫీసు గదిలోకి పోయారు. మైక్రోస్కోపు ఇంకా బీరువాలోకి పోలేదు, అక్కడ బల్ల మీదే ఉంది. రెండు చేతులా ఎత్తి పట్టుకొచ్చి, వరండాలో ఎండ పడేచోట స్టూలు మీద పెట్టారు. వెనక బెంచీల వాళ్ళను వరసగా నిలబెట్టారు. హెడ్మాస్టరు పరుగున వచ్చాడు.

"ఏమిటిది? అది ప్రభుత్వ ఆస్తి."

"ఆస్తి ఈ పిల్లోళ్ళది. తాళం మీది," అన్నారు సారు. "మీరు పోయి నా మీద ఏం రాసుకోవాలో రాసుకోండి. నేను చూపించుకుంటా."

ఉల్లిపొర చూపించారు. తర్వాత గురవమ్మను నోరు తెరవమని, శుభ్రమైన పుల్లతో బుగ్గ లోపల మెల్లగా గీకి, గాజుముక్క మీద పూసి, సిరాచుక్క వేశారు. ఆమె ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఇదంతా నా బుగ్గలోదేనా సార్?"

"నీదే. నీ ఒళ్ళంతా ఇట్లాంటివే."

అందరూ అయ్యాక వరస చివర నేను నిలబడ్డాను. పొమ్మంటారని అనుకున్నాను, అనలేదు. నా బుగ్గ కూడా గీకి ఇంకో గాజుముక్క మీద పూశారు. నన్ను అటు తిరగమని రెండు గాజుముక్కలూ మార్చి మార్చి పెట్టి, ఒకదాన్ని చూడమన్నారు. ఈసారి కనబడింది. నీలంగా, పల్చగా, అంచులు ముడుచుకుని, నడుమ ముదురు చుక్కతో.

"ఎవరిది? నీదా, గురవమ్మదా?"

చూశాను. మళ్ళీ చూశాను. "తెలీడం లేదు సార్," అన్నాను.

"నిన్న తెలిసి తెలీదన్నావు. ఈ పొద్దు నిజంగనే తెలీదు. దానికీ దీనికీ తేడా గుర్తుపెట్టుకో," అన్నారు. నాకొక్కదానికే వినపడేంత మెల్లగా.

నెల తిరగకముందే ఆయన్ని బదిలీ చేశారు. జిల్లా ఆ కొసకు, కర్నూలుకు అవతల తుంగభద్ర ఒడ్డున ఏదో ఊరికి. అవిధేయత అని కారణం రాశారట. మైక్రోస్కోపు మళ్ళీ బీరువాలోకి పోయింది. కొత్తగా వచ్చిన సైన్సు మాస్టరు దాని జోలికి పోలేదు.

ఆయన బదిలీ అయిపోయిన ఏడాదే మా ఆఖరి పరీక్షలు. హాజరు చాల్లేదని గురవమ్మను పరీక్షకు కూర్చోనివ్వలేదు. హెడ్మాస్టరు తన నోటితో రావద్దన్న రోజులన్నీ రిజిస్టరులో ఆమె మానేసిన రోజులుగా ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజుతో సహా. ఆ సంగతి సారుకు ఎట్లా తెలిసిందో, నాకొక కార్డు రాశారు. క్షేమ సమాచారాలు లేవు. 'హెడ్మాస్టరే వాళ్ళను రావద్దన్నాడని క్లాసు లీడరుగా ఒక్క వాక్యం జిల్లా ఆఫీసుకు రాయి. నేను రాస్తే కక్షతో రాసినానంటారు. నువ్వు రాస్తే నమ్ముతారు. టైము లేదు.' అంతే.

ఆ కార్డు నీళ్ళపొయ్యిలో వేశాను.

రెండు రోజులకు గురవమ్మ మా ఇంటికి వచ్చింది. అంతదూరం నడిచి వచ్చి వాకిట్లో నిలబడింది. "సరోజమ్మ ఉండాదా అమ్మా?" అని అడిగింది. లేదని మా అమ్మ చెప్పింది. నేను లోపల గదిలోనే ఉన్నాను. ఆమె పోయిందాకా బయటికి రాలేదు.

నేను పరీక్ష రాశాను, పాసయ్యాను. కర్నూలులో కాలేజీ చదివి, మార్కాపురంలో సైన్సు టీచరునయ్యాను. ప్రతి ఏడూ పసుపు కలిపిన సంగటి ముక్కలతో కణం పాఠం చెప్పేదాన్ని. పిల్లలకు ఆ పాఠం చాలా ఇష్టం. ఎంత బాగా ఆలోచించారు టీచర్ అని తోటివాళ్ళు మెచ్చుకునేవారు. ఇది నాది కాదని నేను ఎవరికీ చెప్పలేదు. దాన్ని ఏమంటారో నాకు తెలుసు.

ఆయన్ని మళ్ళీ ఒక్కసారే చూశాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు. నేను రైల్లో గుంటూరు పోతున్నాను. ఎదురుబండి కోసం దొనకొండలో ఆపారు. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం బెంచీ మీద ఆయన. తల నెరిసింది, కళ్ళద్దాలు మందమయ్యాయి. దిగి పోయి ఎదురుగా నిలబడ్డాను.

"సార్, నేను సరోజను."

"తెలిసింది. టీచరయినావని విన్నా. నీ క్లాసులో పిల్లోళ్ళు ఎంతమంది?"

చెప్పాను. "చానా ఎక్కువ," అన్నారు. "సెక్షన్ అడిగినావా?"

అడగలేదు. ఆ మాట చెప్పలేక అసలు విషయానికి వచ్చాను. "సార్, ఆ రోజు నేను చేసింది తప్పు. మీ కార్డుకు గూడా జవాబు రాయలేదు. నన్ను క్షమించండి సార్."

ఆయన గొంతు తగ్గింది. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అదే తగ్గడం. నేను వంగాల్సి వచ్చింది.

"నాకెందుకు చెప్తుండావు? నాకేం పోయింది? ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయినా, అంతే. గురవమ్మకు చెప్పినావా?"

"ఆమె యాడ ఉండాదో నాకు తెలీదు సార్."

అన్నాకే తెలిసింది ఏమన్నానో.

"ఇంకా అదే మాటా," అన్నారు. "బేస్తవారిపేట పక్కన పల్లెలో ఉండాది. ఏడాదికొక తూరి పోయి చూసొస్తా నేను. మార్కాపురం నుంచి నీకు బస్సుంది."

ఎదురుబండి వచ్చింది. నా బండి కూత వేసింది. పోయిరమ్మని ఆయన అనలేదు. నేనెక్కాక కూడా ఆ బెంచీ మీదే అట్లాగే కూర్చుని ఉన్నారు.

గుంటూరు నుంచి తిరిగి వచ్చిన ఆదివారమే బేస్తవారిపేట బస్సెక్కాను. గురవమ్మ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. దొడ్డి పక్కన కంచె సరిచేస్తోంది. నన్ను చూడగానే పోల్చుకుంది. చేతులు దులుపుకుని మంచం వాల్చింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. ఇన్‌స్పెక్టరు అడగడం, నేను తెలీదనడం, కార్డు, ఆ రోజు ఇంట్లో ఉండీ బయటికి రాకపోవడం.

ఆమె అంతా విన్నది.

"నువ్వు లోపలుండావని తెలుసు," అంది చివరికి. "మీ అమ్మ లేదంటాంటే లోపల నీ గాజులు వినపడినాయి."

నేను నిలబడే ఉన్నాను.

"సారు ఏటా వచ్చినప్పుడు చెప్పేవాడు, ఎప్పుడో ఒకనాడు వస్తాదిలే అని. వస్తే ఏం చెప్పమంటావు సారూ అని అడిగినా. నీకు ఏమనిపిస్తే అది చెప్పు, నన్నడగొద్దు అన్నాడు."

"నీకేమనిపిస్తుంది గురవమ్మా?"

ఆమె లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"పరీక్ష రాసుంటే నేను గూడా టీచరమ్మనే అయ్యుందును. నీకంటే బాగ చెప్పుందును," అంది. "ఆ కోపం పోలేదు సరోజమ్మా. పోయిందని అబద్ధం చెప్పలేను. ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగి పో."

తాగాను. తాగినంతసేపూ ఎదురుగా నిలబడింది. చెంబు తీసుకుని కడిగి అరుగు మీద బోర్లించి, మళ్ళీ కంచె దగ్గరికి పోయి ముళ్ళకంప సర్దుకోసాగింది. రోడ్డు మీద బస్సు కోసం గంటసేపు నిలబడ్డాను. అక్కడికి ఆమె కనబడుతూనే ఉంది. ఒక్కసారి కూడా తల తిప్పి ఇటు చూడలేదు.